ముడుపులో ఇరవై ఆరో ఎపిసోడు

మాదాపూర్‌లో ఆ అద్దాల బిల్డింగుకు మూడు గేట్లు. మొదటి గేటు దగ్గర జనం ఐడీ కార్డు చూపిస్తారు. మూడో గేటు దగ్గర బండి డిక్కీ తెరిచి చూపిస్తారు. రెండో గేటు దగ్గర మాత్రం గొంతు సాగదీసి "మ్యాఁ" అని అరిచి లోపలికి పోతారు. అక్కడ డ్యూటీ పెంటయ్యది.

ఆ అరుపుకో కథ ఉంది. పదమూడేళ్ల కింద ఇదే మాదాపూర్‌లో ఒక చిన్న కంపెనీ "దుంకుడు పొట్టేలు" అని ఫోన్‌లో ఆడుకునే గేమ్ చేసింది. పొట్టేలు ఉరుకుతుంటుంది, ఆటోలు, స్పీడు బ్రేకర్లు, తవ్వి వదిలేసిన గుంతలు అడ్డం వస్తుంటాయి, వేలితో నొక్కితే దుంకుతుంది. ఈ రోడ్ల మీద పెద్దవాళ్లు రోజూ ఆడే ఆటే అది, కాకపోతే పిల్లలకు ఫోన్‌లో దొరికింది. గేమ్ బాగా నడిచేసరికి, మనిషికి పొట్టేలు వేషం తొడిగి దాన్నే పిల్లల టీవీ సీరియల్‌గా తీశారు. ఇరవై ఆరు ఎపిసోడ్లు తీస్తే ఇరవై ఐదు వచ్చాయి. ఇరవై ఆరోది ఇవాళ వేస్తాం, రేపు వేస్తాం అంటూనే ఆ చానెల్ మూతపడింది. ఆ ఏడాదే కంపెనీ చేతులు మారింది. కొత్తవాళ్లు వస్తూనే పాత కంప్యూటర్లన్నీ ఊడ్చి తుడిచేశారు. ఆఖరి ఎపిసోడు ఎవరి దగ్గరా లేకుండా పోయింది.

పెంటయ్య అప్పుడు ఆ కంపెనీకే కాపలా ఉండేవాడు. అతని భార్య అంజమ్మ లోపల చాయ్ పెట్టేది. ఆఖరి ఎపిసోడులో పొట్టేలు ఆరడుగుల గుంత దుంకుతుందనీ, ఆ వేషంలో ఉన్నది తానేననీ పెంటయ్య పన్నెండేళ్లుగా చెబుతున్నాడు. ఎవరూ చూడని ఎపిసోడులో దుంకిన మనిషిని ఎవరు నమ్ముతారు? కొన్నాళ్లు విన్నారు. కొన్నాళ్లు నవ్వారు. తర్వాత "మ్యాఁ" మొదలైంది.

శుక్రవారం పొద్దున ఒక అమ్మాయి గేటు దగ్గర బండి ఆపింది. మెడలో కార్డు, వీపున లాప్‌టాప్ సంచి.

"పొట్టేలు అంకుల్ మీరేనా?"

"పోయి పని చూస్కో బిడ్డా. పొద్దుగాల్నుంచి నలభైమంది అరిచిపోయిన్రు. నువ్వు నలభై ఒకటో దానివి."

"అరవడానికి రాలేదు అంకుల్! నా పేరు కావ్య. ఆ సీరియల్ మీద నేనొక పేజీ నడుపుతున్న. నాలుగు వేలమంది ఉన్నరు అందులో. చిన్నప్పుడు చూసినోళ్లమే అందరం."

పక్కనే నిలబడ్డ ఇంకో గార్డు స్వామి నోరు తెరిచాడు. "నాలుగు వేలమందా? గీ పొట్టేలుకా?"

కావ్య ఫోన్ తీసి గడగడా చెప్పుకుపోయింది. ఆ సీరియల్ తెర వెనక సంగతులు ఆమెకు పూజ మంత్రాల్లా నోటికి వచ్చు. పొట్టేలు ఉన్నిగా కనబడింది సోఫా కుట్టేవాళ్ల దగ్గర మిగిలిన స్పాంజి ముక్కలట. కొమ్ములు జీడిమెట్ల నుంచి తెచ్చి వంచిన ప్లాస్టిక్ గొట్టాలట. ఏడో ఎపిసోడులో వాన కురిపించింది నీళ్ల ట్యాంకరు డ్రైవరట. అన్నిటికన్నా పెద్ద రహస్యం తోడేలుది. సీరియల్ అంతా పొట్టేలూ తోడేలూ ఒక్కసారి కూడా ఎదురుపడవు. పిల్లలు ఊపిరి బిగబట్టి ఎదురుచూసేవాళ్లు, ఎప్పుడు ఎదురుపడతాయా అని. అసలు సంగతి, వేషం ఒక్కటే ఉంది. దానికే బొగ్గు పూస్తే తోడేలు, ఉతికితే పొట్టేలు.

"ఉతికింది మా అంజమ్మనే," అన్నాడు పెంటయ్య. "పదకొండుసార్లు ఉతికింది. ఆఖరికి పొట్టేలు బూడిద రంగుకొచ్చింది."

కావ్య ఆగిపోయింది. ఈ ముక్క ఆమె పేజీలో లేదు. గబగబా రాసుకుంది.

"ఆదివారం ఇక్కడే ఒక హాల్లో మేమందరం కలుస్తున్నం అంకుల్. ఈ సంగతులన్నీ చిన్న పుస్తకం వేస్తున్నం. రేపు సాయంత్రం అచ్చుకు పోతది. ఒక్క ఖాళీ మిగిలింది, ఇరవై ఆరో ఎపిసోడులో దుంకింది ఎవరు? కుమార్ మాస్టర్ 'నేనే' అని మెసేజ్ పెట్టిండు."

కుమార్ అంటే మొదటి ఇరవై ఐదు ఎపిసోడ్లలో వేషం వేసిన డాన్స్ మాస్టరు. పెంటయ్య మొహం ఇటుక రంగుకు తిరిగింది.

"వాడా? ఒళ్లంత చెమటకాయలు లేచినయని, ఇరవై ఆరోది తియ్యకముందే నా గేటు దాటి ఉరికిండు వాడు! రిజిస్టర్ల సంతకం గూడ పెట్టలే."

"పెంటన్నా, నువ్వు గుంత దుంకుడేమో గని, రోడ్డు దాటనీకె నేను చెయ్యి పట్టుకుంటున్న గదనే," అన్నాడు స్వామి.

పెంటయ్య అతనివైపు చూడలేదు. కావ్యతో మెల్లగా అన్నాడు. "ఈ నెలాఖరుకు నాకు అరవై నిండుతయి. డ్యూటీ ఖతం. గీ గేటు కాడికెల్లి అబద్ధాలకోరు పేరుతోటి పోవుడు నాకు ఇష్టం లేదు బిడ్డా. నువ్వు ఏం చేస్తవో చెయ్యి. గంతే."

కావ్య అక్కడ నిలబడే ఆ సీరియల్ డైరెక్టరు నరసింహమూర్తికి ఫోన్ కలిపింది. ఆయన సినిమాలూ సీరియళ్లూ వదిలేసి భీమవరం దగ్గర రొయ్యల చెరువులు చూసుకుంటున్నాడు. వెనకనుంచి నీళ్లు చిలికే మోటారు చప్పుడు వస్తోంది.

"పెంటయ్య గారాండి? షూటింగులో ఉన్నారండి. అది మాత్రం ఖాయమండి."

"గుంత దుంకింది ఆయనేనా సర్?"

మోటారు కాసేపు ఒక్కటే మాట్లాడింది.

"దూకడం అన్నది చాలా బాగా జరిగిందండి," అన్నాడు నరసింహమూర్తి.

"మరి ఆ ఎపిసోడు ఎక్కడన్నా దొరుకుతదా సర్?"

"నేను చెప్పానని చెప్పకండి. చానెల్ వాళ్లు ఎంతకీ వెయ్యకపోతే అంజమ్మ గారు నాచేత కొమురెల్లి మల్లన్నకు ముడుపు కట్టించారండి. రూపాయి, పసుపు కొమ్ము, వక్కలు, దేని కోసం మొక్కుతున్నామో దాని గుర్తు ఒకటి పెట్టాలన్నారు. నా బుర్ర చూడండి, హార్డ్ డిస్క్ పెట్టేశాను. ఆఫీసు కంప్యూటర్లో ఇంకో కాపీ ఉందిగా అనుకున్నానండి. అది కాస్తా తుడిచేశారు. ఉన్నదొక్కటే, ఆ ముడుపులోది. చందానగర్‌లో ఆవిడ ఇంట్లో, దేవుడి ఫోటో పక్కన మేకుకు వేలాడుతుంటుందండి."

ఫోన్ స్పీకర్లో ఉంది. పెంటయ్య కుర్చీలో కూలబడ్డాడు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, పన్నెండేళ్లుగా తన సాక్ష్యం తన నెత్తి మీదే వేలాడుతోంది. దానికి రోజూ పొద్దున దండం కూడా పెడుతున్నాడు.

మర్నాడు శనివారం పెంటయ్య సెలవు పెట్టాడు. పదకొండు గంటలకు కావ్య చందానగర్ మార్కెట్ వెనక సందులో ఆ రెండు గదుల ఇంటికి వచ్చేసరికి మొగుడూ పెళ్లాల పంచాయితీ సగంలో ఉంది.

"మన బిడ్డ రజిత పెండ్లి ముడుపని చెప్పినవ్ గదనే!"

"నేనెప్పుడు చెప్పిన? నువ్వనుకున్నవ్."

"రజిత పెండ్లయి తొమ్మిదేండ్లాయె. ఇద్దరు పిల్లల తల్లాయె. ఇంకెందుకు విప్పవే అని ఎన్నిసార్లు అడిగిన?"

"అడిగినవ్. మొక్కు తీరలే అని చెప్పిన. తీరిందా? తీరలే. అందుల అబద్ధమేమున్నది?" అంజమ్మ గుమ్మంలో కావ్యను చూసి గొంతు మార్చింది. "రా బిడ్డా, కూసో. నీళ్లు తాగుతవా?"

మేకుకు పసుపు గుడ్డ మూట వేలాడుతోంది. పన్నెండేళ్ల ధూపం పట్టి పసుపు కాస్తా గోధుమ రంగుకు దిగింది. మీద మూడు ముళ్లు, గట్టిగా.

కావ్య సంగతంతా చెప్పింది. అంజమ్మ శ్రద్ధగా విని, తల అడ్డంగా ఊపింది.

"ముడి విప్పరాదు బిడ్డా. 'ఈ బొమ్మ టీవీల ఆడినంక ముడి విప్పి, కొమురెల్లి వచ్చి నీ ముంగట ముగ్గుల పట్నం ఏపిస్త మల్లన్నా' అని మొక్కిన. ఆడినంకనే విప్పాలె."

"విప్పితేనే కద ఆంటీ, టీవీలో ఆడేది?"

"ఆడితేనే కద బిడ్డా, విప్పేది?"

ఆఫీసులో కావ్య పనే సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం. ఇందులో ఎటు చూసినా తప్పు దొరకలేదు.

"మల్లన్నకు తెల్వదానే మన కష్టం?" అన్నాడు పెంటయ్య. "గొర్లకాడి దేవుడాయె. పొట్టేలు ముచ్చట ఆయనకు చెప్పాల్నా?"

"దేవునికి తెల్సు. మాట ఇచ్చింది నేను."

"ఏందే నీ జిద్దు! నా పరువు పోతున్నదే!"

"నీ పరువు కోసమే..." అని అంజమ్మ మాట మధ్యలో మింగేసి, లేచి చాయ్ గిన్నె కడగడం మొదలుపెట్టింది. అది కడిగిన గిన్నే.

కావ్య నిట్టూర్చి లేచింది. "సరే ఆంటీ. బలవంతం లేదు. సాయంత్రం దాకా చూసి కుమార్ మాస్టర్ పేరే వేసేస్త."

గిన్నె ఠంగుమని సింకులో పడింది.

"ఎవల పేరు?"

"కుమార్ మాస్టర్. తనే దుంకిన అంటున్నడు."

"గా చెమటకాయలోడా? ఏషం ఇడిచి, తలకాయ ఎండల పారేసి ఉరికినోడు, దుంకిండా? వాని నోట్ల మన్ను వడ!" అంజమ్మ కొంగు నడుముకు చుట్టింది. ఒకసారి ముడుపు వైపు, ఒకసారి మొగుడి వైపు చూసింది. ఆ చూపులో ఏదో లెక్క నడిచింది. "ముడి విప్పకుంట సూడొస్తదా బిడ్డా?"

కావ్య మూట దగ్గరకు పోయి, గుడ్డ మీంచే వేళ్లతో తడిమింది. గుండ్రంగా తగిలింది వక్క. పొడుగ్గా తగిలింది పసుపు కొమ్ము. నాలుగు పలకలుగా తగిలింది డిస్క్. దాని అంచున, ముడి పక్కన వేలు దూరేంత సందు ఉంది.

"వైరు పెట్టే చోటు సందు దగ్గరే ఉంది ఆంటీ! పాత రకం వైరు కావాలె. నేను తెస్త."

చందానగర్ మార్కెట్లో ఐదు సెల్ దుకాణాలు తిరిగితే ఆరో దాంట్లో ఆ వైరు దొరికింది. అంజమ్మ ముడుపును మేకు మీంచి దించి, పీట మీద పెట్టి, పసుపు బొట్టు పెట్టింది. వైరుకు కూడా పెట్టింది. కావ్య లాప్‌టాప్‌కు కూడా పెట్టబోతే ఆ అమ్మాయి వద్దనలేక కళ్లు మూసుకుంది. ముళ్లు మూడూ చెక్కు చెదరకుండా, గుడ్డ సందులోంచి వైరు లోపలికి పోయింది. ముడుపు నుంచి లాప్‌టాప్‌కు, లాప్‌టాప్ నుంచి టీవీకి కలిపారు.

మూటలోంచి "గుర్ర్..." అని చిన్న మోత వచ్చింది. మూట సన్నగా వణికింది. లోపల రూపాయి బిళ్ల గలగలలాడింది.

పెంటయ్య రెండడుగులు వెనక్కి దుమికి చేతులు జోడించాడు. "మల్లన్నా! తప్పుంటే చెమించు తండ్రీ!"

"డిస్క్ తిరుగుతుంది అంకుల్, అంతే."

"ఎవలు తిప్పుతున్నరో నీకేం ఎరుక బిడ్డా," అంది అంజమ్మ. అనేసి టీవీ పక్కకు పోయి, ప్లగ్గు మీద చెయ్యి వేసి నిలబడింది. "ఒక్క మాట. గుంత దుంకేదాంక సూద్దాం. దుంకినంక బంజేస్త. దేవుని సొమ్ము, ఎక్కువసేపు ఆడించరాదు."

తెర నల్లబడింది, తెల్లబడింది. పాట మొదలైంది. కావ్యకు పదేళ్లప్పటి సాయంత్రాలన్నీ ఒక్కసారే కళ్లముందుకు వచ్చాయి. బూడిద రంగు పొట్టేలు మాదాపూర్ రోడ్డు మీద పడి ఉరుకుతోంది. వెనక మెట్రో స్తంభం ఇంకా సగమే లేచి, చువ్వలతో నిలబడి ఉంది. పొట్టేలు పక్కకు చూసింది, ఆగింది, మళ్లీ ఉరికింది. ఇది డాన్స్ నేర్చినవాళ్ల ఉరుకుడు కాదు. మంద వెనక తిరిగిన ఒళ్లు అది. ఎక్కడ కాలు జారుతుందో అరికాలికే తెలిసిన నడక.

"చూసినవా బిడ్డా నడక? చూసినవా?" అన్నాడు పెంటయ్య. అతని కళ్లు చెమర్చాయి.

రోడ్డు పక్కన కేబుళ్ల కోసం తవ్వి వదిలేసిన గుంత వచ్చింది. సెట్టు కాదు, నిజం గుంతే. పొట్టేలు పదడుగులు వెనక్కి పోయింది. తల వంచింది. ఉరికింది. లేచింది. అంత స్పాంజి, అంత గొట్టం, అంత ఎండ మోసుకుని గాల్లో ఒక్క క్షణం ఆగినట్టే ఆగి, అవతలి గట్టున ధబ్బుమని దిగింది. తెరలోని వాళ్లు చప్పట్లు కొట్టారు. ఇక్కడ కావ్య కూడా కొట్టింది.

అంజమ్మ చెయ్యి ప్లగ్గు మీద బిగిసింది.

"అగో! ఆగవే!" పెంటయ్య ఒక్క గంతులో పోయి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "ఇప్పుడే గద తలకాయ తీసేది! నా మొకం వడేది ఇక్కడనే!"

"వద్దు రజిత నాయినా. దుంకుడు అయిపోయింది. మొకం ఎందుకు?"

"మొకం లేకపోతే కుమార్ గాడు నేనే అంటడే! ఇడువ్!"

అంజమ్మ విడిచింది.

కెమెరా ఆపడం మరిచిపోయినట్టున్నారు, టీవీకి ఇచ్చేముందు కొయ్యాల్సిన ముక్క అలాగే ఉండిపోయింది. పొట్టేలు గట్టు మీద కూర్చుని రొప్పుతోంది. నోటితో పట్టి గిట్టలు ఊడబెరుక్కుంది. గిట్టల కింద ఎర్రటి మట్టిగాజులు కనబడ్డాయి.

పెంటయ్య తెరకు దగ్గరగా వంగాడు. "నా చేతులకు గాజులెవలు తొడిగిన్రు?"

పొట్టేలు రెండు చేతులతో తల పట్టుకుని పైకి లాగింది. చెమటకు జుట్టంతా మొహానికి అతుక్కుపోయి, అంజమ్మ బయటికొచ్చింది. పన్నెండేళ్లు చిన్నది. స్పాంజి భుజానికి మొహం తుడుచుకుని, కెమెరా వైపు చూసి, "ఇగ అయిపోయిందా సార్? పొయ్యి మీద పాలు పెట్టొచ్చిన," అంది.

కెమెరా పక్కకు తిరిగింది. జనరేటర్ బండి నీడలో, పొట్టేలు తోక తల కింద పెట్టుకుని ఒక మనిషి నిద్రపోతున్నాడు. సెక్యూరిటీ యూనిఫారం. నోట్లో విజిల్ ఉంది. గురక వదిలినప్పుడల్లా అది సన్నగా ఊదుకుంటోంది. "పీఁ... పీఁ..."

అక్కడితో బొమ్మ ఆగిపోయింది. ముడుపు గుర్రుమనడం మానేసింది.

పెంటయ్య అంజమ్మ వైపు తిరిగాడు. "గప్పుడు నేను..."

"పొద్దుగాల ఏషం ఏస్కొని రెండుమూడు సార్లు నడిచినవ్," అంది అంజమ్మ నేల చూస్తూ. "మధ్యాహ్నం సలువ చేస్తదని మూడు సీసల కల్లు తాగినవ్. ఇగ లేవలే. పొద్దు గుంకుతున్నది, సారు తల పట్టుకున్నడు. నాకు గొర్ల ఎన్క కాల్వలు దుంకుడు కొత్తనా? ఏసుకున్న, దుంకిన."

"మరి నేను లేచినంక అందరు 'భేష్ పెంటన్నా, మస్తు దుంకినవ్' అన్నరు గదనే!"

"నేనే అనమన్న. డ్యూటీల తాగి పండుకున్నవని ఆఫీసుల తెలిస్తే నౌకరీ ఉంటుండెనా? అందరితోటి ఒట్టు పెట్టిచ్చుకున్న, సారుతోటి గూడ. అయితే నువ్వు ఇంటికొచ్చి గాలి ఇటు కొట్టింది, మన్ను అటు జారింది అని చెప్పవడ్తివి. నాకు నవ్వొచ్చింది. రెండోనాడు ఇంకింత బాగ చెప్పినవ్. బాగనే చెప్తున్నడు గద అని ఊకున్న."

కావ్య ఫోన్ మోగింది. అచ్చు వాళ్లు. ఆమె తీయలేదు. "ఏం రాయమంటరు?" అని ఇద్దరినీ కలిపి అడిగింది.

"ఆయన పేరే రాయి బిడ్డా," అంది అంజమ్మ చప్పున. "తలకాయ తీసిన ముక్క కోసెయ్. మీకొస్తది గద కోసుడు. నాకేం పేరు? నన్నెవలన్న 'మ్యాఁ' అంటున్నరా?"

పెంటయ్య ఆగిపోయిన బొమ్మ వైపు చూస్తూ కూర్చున్నాడు. తెర మీద తన నోట్లో విజిల్. నెలాఖరుకు పదకొండు రోజులే ఉంది. పేరు వేస్తే గేటు దగ్గర అందరూ లేచి నిలబడతారు. స్వామి దండేసినా వేస్తాడు.

"వద్దు," అన్నాడు చివరికి. "తెల్వక చెప్పిన ముచ్చట వేరే. ఇప్పుడు తెల్సి చెప్తే నాకూ కుమార్‌కూ ఫరక్ ఏమున్నది? రాయి బిడ్డా. దుంకింది అంజమ్మ. పండుకున్నది పెంటయ్య. రెండు పేర్లు రాయి, పండుకున్నోని పేరు గూడ తప్పకుంట రాయాలె. నేను షూటింగుల ఉన్ననని ఇప్పుడన్న తెలుస్తది."

అంజమ్మ అతనివైపు చూడకుండా కొంగుతో టీవీ తుడిచింది. దుమ్మేమీ లేదు.

కావ్య ఆ రెండు పేర్లూ రాసి, పెన్ను పట్టుకుని అంజమ్మ ముందు కూర్చుంది. "ఆంటీ, ఇప్పుడు చెప్పండి. ఎట్ల దుంకిన్రు? నాలుగు వేలమంది చదువుతరు."

"ఏమున్నది బిడ్డా. కండ్లు మూసుకున్న, దుంకిన."

"అంతేనా?"

"గంతే. పాలు పొంగుతున్నయని ఫికరు."

పెంటయ్య తట్టుకోలేకపోయాడు. "గిట్ల చెప్తే ఎవడు సదువుతడే? ఎన్నడన్న ముచ్చట చెప్పిన మొకమేనా? రాసుకో బిడ్డా. ముందుగాల పదడుగులు ఎన్కకు పోయింది. ఎందుకు పోయింది? మన్ను మెత్తగున్నది, ఊపు సాలదు. తలకాయ ఎందుకు వంచింది? గొట్టాల కొమ్ములకు గాలి తట్టుకుంటది గనుక. ఎడమకాలు ముంగటేసి లేచింది..."

"నేను కుడికాలు ఏసిన," అంది అంజమ్మ.

"ఎడమకాలే!"

"దుంకింది నేనా నువ్వా? పండుకున్నోనికి కాలెట్ల కనవడ్డది?"

"కావ్యా, జర ఎన్కకు తిప్పు బిడ్డా!"

కావ్య మళ్లీ వెనక్కి తిప్పింది. ముడుపు గుర్రుమంది. ముగ్గురూ తలలు కలిపి తెరకు వంగారు. పొట్టేలు పదడుగులు వెనక్కి పోయింది. తల వంచింది. ఉరికింది. గుంత అంచున, ఎవరూ కాదనలేనంత స్పష్టంగా, ఎడమకాలు ముందు లేచింది.

పెంటయ్య నడుం మీద చేతులు పెట్టుకుని నిటారుగా నిలబడ్డాడు.

"చూసినవా?" అన్నాడు. "పన్నెండేండ్ల సంది చెప్తున్న. ఎవలన్న ఇంటే గద!"